భూకంపాల మ్యాపు గీస్తూ వెబ్ నేర్చుకోవచ్చా?

ప్రశ్న: ఎనిమిది నెలలుగా హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ వీడియో పాఠాలు చూస్తున్నాను. చూస్తున్నంతసేపు అంతా అర్థమైనట్టే ఉంటుంది కానీ, ఖాళీ ఫైలు తెరిచి కూర్చుంటే మొదటి వరుస కూడా రాయలేకపోతున్నాను. చిన్నప్పటి నుంచి అట్లాసులంటే ఇష్టం కాబట్టి, జూమ్ చేయగలిగే, నొక్కితే వివరాలు చూపే మ్యాపు ఒకటి సొంతంగా తయారు చేస్తూ వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకోవాలని ఉంది. మిత్రులేమో అది చాలా పెద్ద పని అనీ, ముందు రియాక్ట్ (పేజీలను కట్టడానికి వాడే జావాస్క్రిప్ట్ పనిముట్టు), తర్వాత సర్వర్, డేటాబేస్ నేర్చుకున్నాకే దాని జోలికి వెళ్లమనీ అంటున్నారు. నేను కంప్యూటర్ సైన్స్ చదవలేదు. ఈ దారి సరైనదేనా? దేనితో మొదలుపెట్టాలి? సర్వర్ తప్పనిసరా? రియాక్ట్ ఎప్పుడు నేర్చుకోవాలి?

సమాధానం: మీరు ఎంచుకున్న దారి సరైనదే, మీ మిత్రులు చెప్పిన వరుసే తలకిందులుగా ఉంది. వీడియోలో పాఠం చెప్పేవారు ఏ ఫైలుకు ఏ పేరు పెట్టాలో, ఏ పని ముందు చేయాలో, దేన్ని వదిలేయాలో ముందే తేల్చుకుని కెమెరా ముందుకు వస్తారు. ఆ నిర్ణయాలు ఎలా తీసుకున్నారో, తీసుకునే ముందు ఎన్నిసార్లు తడబడ్డారో మనకు కనిపించదు. కాబట్టి ఎనిమిది నెలల తర్వాత మీకు భాష తెలిసింది, తేల్చుకోవడం అలవాటు కాలేదు. మ్యాపు ఆ అలవాటుకు మంచి సాధన, ఎందుకంటే అందులో జరిగిన పొరపాటు వెంటనే కంటికి కనిపిస్తుంది. పట్టికలో రెండు అంకెలు తారుమారైతే నెలల తరబడి ఎవరూ గమనించకపోవచ్చు; మ్యాపులో తారుమారైతే నగరం వెళ్లి సముద్రంలో పడుతుంది.

అయితే "ఒక మ్యాపు చేస్తాను" అని మాత్రం మొదలుపెట్టకండి. అలా మొదలైన పని ఎక్కడ ముగియాలో ఎవరికీ తెలియదు. రోడ్లు, దారి చూపే సౌకర్యం, వెతికే పెట్టె, లాగిన్ అంటూ కోరికలు పెరిగి మూడో వారానికి అటకెక్కుతుంది. మ్యాపు ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి. మీకు ఇప్పటికే అలాంటి ప్రశ్న ఉంటే దాన్నే తీసుకోండి. లేకపోతే నేను సూచించేది ఇది: గత 24 గంటల్లో భూమి మీద ఎక్కడెక్కడ భూకంపాలు వచ్చాయి? దీన్ని సూచించడానికి కారణం సమాచారం దొరికే తీరు. యూఎస్‌జీఎస్ అనే అమెరికా భూగర్భ పరిశోధన సంస్థ ఈ వివరాలను నిమిషానికొకసారి తాజా చేస్తూ, ఖాతా గానీ వాడేవారెవరో చెప్పే సంకేతపదం లాంటి ఏపీఐ కీ గానీ అడగకుండా, చోట్ల వివరాలను రాసే జియోజేసన్ అనే, బ్రౌజర్ నేరుగా చదువుకునే రూపంలో అందరికీ ఉచితంగా ఇస్తుంది. ఒక రోజు జాబితాలో భూకంపాలు సాధారణంగా వందల్లో ఉంటాయి. నేర్చుకునేవారికి అది సరిపోయే పరిమాణం. ఐదు వందల బిందువులను మీరే చేత్తో టైపు చేసే పనిని మాత్రం పెట్టుకోకండి. అందులో నేర్చుకునేది తక్కువ, విసుగు ఎక్కువ.

ఇక్కడ నేను చెప్పబోయేది మీకు నిరాశ కలిగించవచ్చు. మొదటి వారం మ్యాపు జోలికే వెళ్లవద్దు. ఆ సమాచారాన్ని తెప్పించి, పేజీలో మామూలు జాబితాగా చూపించండి: చోటు, తీవ్రత, సమయం, అంతే. చూడటానికి ఇది చప్పగా ఉంటుంది కానీ, వెబ్ పనిలో సగం ఈ చిన్న జాబితాలోనే ఉంది. ఫెచ్ అనే ఆదేశంతో సమాచారం అడగడం, అది వచ్చే వరకు ప్రోగ్రాం ఆగకుండా వేచి ఉండే పద్ధతి, వచ్చినదాన్ని విప్పి చూడటం, ఒక్కొక్క అంశానికీ పేజీలో ఒక మూలకాన్ని సృష్టించడం, అన్నీ ఇక్కడే చేతికి వస్తాయి. ఫెచ్ విషయంలో చాలామంది పప్పులో కాలేసే చోటు ఒకటుంది: సర్వర్ "అలాంటి పేజీ లేదు" అని 404 పంపినా, ఫెచ్ దాన్ని వైఫల్యంగా లెక్కించదు. జవాబు వచ్చింది కదా, తన పని అయిపోయిందనుకుంటుంది. వచ్చిన జవాబు మంచిదేనా అన్నది మీరే విడిగా పరీక్షించాలి. సమయం చూపించేటప్పుడు మరో పాఠం ఎదురవుతుంది. ఆ సమాచారంలో సమయం 1970 జనవరి 1 నుంచి గడిచిన మిల్లీసెకన్లుగా ఉంటుంది. జావాస్క్రిప్ట్ కూడా అలాగే లెక్కిస్తుంది కాబట్టి నేరుగా ఇస్తే చాలు. ఎక్కడో చదివిన సెకన్ల లెక్క గుర్తొచ్చి వెయ్యితో గుణించారంటే, భూకంపం ఇప్పటి నుంచి యాభై వేల ఏళ్ల తర్వాత వచ్చినట్టు చూపిస్తుంది.

ఆ జాబితా ఫైలును ఒకసారి మీ కంప్యూటర్‌లో దాచుకుని, సాధన అంతా ఆ నకలు మీదే చేయండి. ప్రత్యక్ష సమాచారం నిమిషానికొక తీరుగా మారుతుంటుంది. నిన్న రాత్రి కనిపించిన తప్పు ఈ ఉదయం కనిపించకపోతే, మీరు దాన్ని సరిచేశారా లేక ఆ తప్పుకు కారణమైన భూకంపం జాబితా నుంచి జారిపోయిందా అన్నది తేల్చుకోలేరు. నకలు పెట్టుకున్న వెంటనే ఇంకో చిక్కు వస్తుంది. పేజీని రెండుసార్లు నొక్కి తెరిస్తే, పక్కనే ఉన్న ఫైలును కూడా చదవడానికి బ్రౌజర్ ఒప్పుకోదు. భద్రత కోసం పెట్టిన కట్టడి అది. ఫోల్డరులో చిన్న లోకల్ సర్వర్ నడపాలి. పైథాన్ ఉంటే ఒక్క ఆదేశంతో నడుస్తుంది, కోడ్ ఎడిటర్లలో ఇందుకు బటన్లు కూడా ఉన్నాయి. సర్వర్ అంటే ఏదో దూరపు భవనంలోని యంత్రం అనుకునే మీ ఊహ ఆ రోజుతో పోతుంది: అడిగిన ఫైలును అందించే ప్రోగ్రామే సర్వర్, అది మీ ఒళ్లోని ల్యాప్‌టాప్‌లోనూ ఉండవచ్చు.

రెండో వారం మ్యాపును తీసుకురండి. మ్యాపు గీసే కోడ్‌ను ముందే రాసిపెట్టి ఇచ్చే లైబ్రరీల్లో నా ఓటు లీఫ్‌లెట్‌కు. వ్లాదిమిర్ అగాఫోన్కిన్ 2011లో విడుదల చేసిన ఈ లైబ్రరీ, కుదించి పంపినప్పుడు 40 కిలోబైట్లకు కాస్త పైన ఉంటుంది. దాని సహాయ పుటలను ఒక్క సాయంత్రంలో మొత్తం చదివేయవచ్చు. తొలిసారి పని చేస్తున్నవారికి ఇది పెద్ద సదుపాయం. గూగుల్ మ్యాప్స్ వాడాలంటే కీ తీసుకోవాలి, బిల్లింగ్ ఖాతా తెరవాలి. నేర్చుకునే దశలో ఆ బెడద ఎందుకు? మ్యాప్‌లిబ్రే అనే మరో ఉచిత లైబ్రరీ ఉంది. మ్యాప్‌బాక్స్ సంస్థ 2020 డిసెంబరులో తన లైబ్రరీ లైసెన్సును బిగించినప్పుడు, పాత కోడ్ నుంచి విడిగా పుట్టినది అది. మ్యాపును తిప్పడం, వంచడం, రంగులను అక్కడికక్కడే మార్చడం వంటివి అది చక్కగా చేస్తుంది. అయితే దాని అమరికల భాష వేరే చదువు. రెండో మ్యాపుకు దాన్ని అట్టిపెట్టుకోండి.

లీఫ్‌లెట్‌తో మొదటి రోజు దాదాపు ప్రతి ఒక్కరికీ తెల్ల పేజీ కనిపిస్తుంది. బ్రౌజర్ తప్పులను చూపే కన్సోల్‌లో ఎర్ర అక్షరాలేమీ ఉండవు, కోడ్ అంతా సరిగ్గానే ఉంటుంది, మ్యాపు మాత్రం ఉండదు. కారణం, మ్యాపును ఉంచిన పెట్టెకు ఎత్తు లేకపోవడం. లోపల రాతలు లేని పెట్టె ఎత్తును బ్రౌజర్ సున్నాగా తీసుకుంటుంది; మ్యాపు ఆ సున్నా ఎత్తులో బుద్ధిగా కూర్చుని ఉంటుంది. పోనీ ఎత్తు నూరు శాతం అని రాస్తే కూడా ఒక్కోసారి ఫలితం ఉండదు, ఎందుకంటే నూరు శాతం అంటే పై పెట్టెలో నూరు శాతం, ఆ పై పెట్టెకే ఎత్తు చెప్పి ఉండకపోతే ఈ శాతానికి అర్థం లేదు. సీఎస్‌ఎస్ పాఠాల్లో పదిసార్లు విన్న సంగతే ఇది, కానీ తెల్ల పేజీ ముందు గంటసేపు కూర్చున్నాక ఇక మరచిపోరు. మ్యాపు ముక్కలు ముక్కలుగా పేజీ అంతా చెదిరి ఉంటే లీఫ్‌లెట్ సొంత సీఎస్‌ఎస్ ఫైలును మీరు జత చేయలేదని అర్థం. దాచి ఉంచిన ట్యాబ్‌లో మ్యాపును సృష్టించి తర్వాత బయటపెడితే, ఒక మూల మాత్రమే కనిపించి మిగతా భాగం బూడిద రంగులో ఉంటుంది. పెట్టె కొలత మారిందని మ్యాపుకు మీరే చెప్పాలి, అందుకు లీఫ్‌లెట్‌లో ప్రత్యేకమైన ఆదేశం ఉంది.

మ్యాపు కనిపించాక కోడ్ రాయడం ఆపి, బ్రౌజర్‌లోని డెవలపర్ టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్‌ను చూస్తూ మ్యాపును మెల్లగా లాగండి. ఒక్కో కదలికకూ చిన్న చిన్న బొమ్మలు వరుసగా దిగుమతి అవుతుంటాయి. వాటినే టైల్స్ అంటారు. ఒక్కొక్కటి 256 పిక్సెళ్ల చదరం. జూమ్ 0లో ప్రపంచమంతా ఒకే టైల్‌లో ఇమిడిపోతుంది. ఒక్కో మెట్టు లోపలికి వెళ్తే ప్రతి టైల్ నాలుగుగా విడిపోతుంది. ఆ లెక్కన జూమ్ 10కి 10,48,576 టైల్స్, జూమ్ 18కి 6,871 కోట్లకు పైగా టైల్స్ కావాలి. అన్నిటినీ ఎవరూ మీ కంప్యూటర్‌కు పంపరు. తెర మీద పట్టే ఓ ఇరవై ముప్పై టైల్స్‌నే లైబ్రరీ అడిగి తెచ్చుకుంటుంది. ప్రతి టైల్ చిరునామాలో మూడు అంకెలుంటాయి: జూమ్ మెట్టు, అడ్డ వరుసలో స్థానం, నిలువు వరుసలో స్థానం. ఒకసారి చూసిన చోటికి మళ్లీ వస్తే ఆ టైల్స్ సర్వర్ దాకా వెళ్లకుండా బ్రౌజర్ దాచుకున్న నకలు నుంచి వస్తాయి. అడగడం, అందుకోవడం, దాచుకోవడం అనే వెబ్ స్వభావాన్ని ఇంత తేటగా చూపించే పాఠం నేను మరొకటి చూడలేదు.

టైల్స్ చదరంగా ఉండటం వెనుక ఒక పాత కథ ఉంది. గెరార్డస్ మెర్కేటర్ 1569లో నావికుల కోసం తయారు చేసిన పద్ధతినే కొద్ది మార్పులతో నేటి వెబ్ మ్యాపులు వాడుతున్నాయి. దిక్సూచి చూపే ఒకే దిశలో సాగే ప్రయాణం ఆ పటం మీద సరళరేఖగా వస్తుంది; దానికి బదులుగా ధ్రువాల వైపు వెళ్లే కొద్దీ నేల సాగిపోతుంది, సరిగ్గా ధ్రువం దగ్గర అనంతమవుతుంది. అందుకే సుమారు 85.05 డిగ్రీల అక్షాంశం దగ్గర పటాన్ని కత్తిరిస్తారు. అక్కడ కత్తిరిస్తేనే అది కచ్చితమైన చదరం అవుతుంది, నాలుగుగా కోస్తూ పోవడానికి వీలవుతుంది. ఈ సౌలభ్యానికి మూల్యం కూడా ఉంది: గ్రీన్‌లాండ్ కంటే ఆఫ్రికా దాదాపు 14 రెట్లు పెద్దదైనా తెర మీద రెండూ ఇంచుమించు సమానంగా కనిపిస్తాయి. దేశాల వైశాల్యాలను పోల్చే మ్యాపు ఎప్పుడైనా చేయాలనుకుంటే ఈ సంగతి గుర్తుంచుకోండి.

అడుగున పరిచే ఆ టైల్స్‌ను అందించే సంస్థల్లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఒకటి. 2004లో మొదలై, స్వచ్ఛందంగా పని చేసేవారి చేతుల మీదుగా పెరిగిన ప్రపంచ పటం అది. సాధనకు దాని టైల్స్ వాడుకోవచ్చు, అయితే సమాచారం వారిదని మ్యాపు మూలన స్పష్టంగా పేర్కొనాలి, టైల్స్‌ను మూటగట్టి దించుకోకూడదు. విరాళాలతో నడిచే సర్వర్లవి. మీ మ్యాపుకు సందర్శకులు బాగా పెరిగితే మరో సేవకు మారడం మర్యాద. మూలన ఉండే ఆ చిన్న అక్షరాలు అందాన్ని చెడగొడుతున్నాయని తీసేసేవారిని చూశాను. అది లైసెన్సు ఉల్లంఘన.

ఇప్పుడు బిందువులను పెట్టే పని. ఇక్కడే ఒకప్పుడు నా సాయంత్రం మొత్తం పోయింది. భూకంపాలన్నీ మ్యాపు మీద కనిపిస్తున్నాయి, కానీ ఏ ఒక్కటీ ఉండాల్సిన చోట లేదు. లైబ్రరీని అనుమానించాను, సమాచారాన్ని అనుమానించాను, చివరికి నిద్రపోయే ముందు తెలిసింది, అక్షాంశం, రేఖాంశం తారుమారయ్యాయని. 2016లో ఖరారైన జియోజేసన్ ప్రమాణం ప్రకారం రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత రావాలి. లీఫ్‌లెట్ మాత్రం మన నోటి వాడుకలాగే అక్షాంశాన్ని ముందు అడుగుతుంది. జియోజేసన్ కోసమే ఉన్న లీఫ్‌లెట్ పొరకు మొత్తం ఫైలును అప్పగిస్తే అది తానే మార్చుకుంటుంది, మీరు ఒక్కొక్క బిందువునూ చేత్తో పెడితే మార్చే బాధ్యత మీది. అక్షాంశం 90 దాటదు కాబట్టి, 140 అనే అక్షాంశం కనిపించిందంటే తారుమారు జరిగినట్టే. యూఎస్‌జీఎస్ సమాచారంలో ఈ రెండిటి తర్వాత మూడో అంకె ఒకటి ఉంటుంది. అది భూకంపం పుట్టిన లోతు, కిలోమీటర్లలో.

బిందువులన్నీ సరైన చోట ఉండి ఒకటి మాత్రం ఆఫ్రికాకు పడమరన, గినియా సింధుశాఖలో తేలుతూ కనిపిస్తే ఆశ్చర్యపడకండి. అక్షాంశం 0, రేఖాంశం 0 కలిసే ఆ చోటును మ్యాపుల మీద పని చేసేవారు సరదాగా నల్ ఐలాండ్ అంటారు. అక్కడ ద్వీపమేమీ లేదు. జావాస్క్రిప్ట్ ఖాళీ విలువను సంఖ్యగా మార్చమంటే సున్నా ఇస్తుంది. పట్టికలో ఎవరో ఖాళీగా వదిలేసిన గడి అలా ప్రయాణించి సముద్రంలో తేలుతుంది. యూఎస్‌జీఎస్ ఫైలులో మీకు ఇది ఎదురుకాకపోవచ్చు కానీ, మీ సొంత పట్టికతో రెండో మ్యాపు చేసిన రోజు తప్పక ఎదురవుతుంది. విలువ ఉందో లేదో ముందు చూసి, తర్వాతే సంఖ్యగా మార్చడం అలవాటు చేసుకోండి.

తీవ్రతను బట్టి వృత్తం పరిమాణం మార్చాలని మీకే తోస్తుంది. ఎంత మార్చాలి అన్న ప్రశ్నకు మాత్రం ఏ పాఠంలోనూ జవాబు దొరకదు, ఎందుకంటే ఒకే సరైన జవాబు లేదు. తీవ్రత ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. అంటే తీవ్రత 2 భూకంపం కంటే 6 భూకంపానిది 10 లక్షల రెట్ల శక్తి. నిజాయితీగా వృత్తం వైశాల్యాన్ని శక్తికి అనుగుణంగా పెట్టి, 2కు 3 పిక్సెళ్ల వ్యాసార్థం ఇస్తే, 6కు 3,000 పిక్సెళ్లు కావాలి. తెర మొత్తం ఒక్క వృత్తమే అవుతుంది. తీవ్రత అంకెనే వ్యాసార్థంగా తీసుకుంటే, ఎవరికీ తెలియకుండా పోయే ప్రకంపనకూ భవనాలను కూల్చగలిగే దానికీ తేడా మూడింతలే అన్నట్టు కనిపిస్తుంది. నేనైతే మధ్యేమార్గంగా, తీవ్రత ఒకటి పెరిగినప్పుడల్లా వ్యాసార్థం ఒకటిన్నర రెట్లయ్యేలా పెడతాను. మీరు మూడు రకాలుగా పెట్టి చూసి, మీ ప్రశ్నకు ఏది నప్పుతుందో తేల్చుకోండి. పేజీలో ఒక మూల ఏ వృత్తం ఎంత తీవ్రతకు గుర్తో చూపే సూచిక పెట్టడం మరవకండి. ఇంకో సంగతి, మరీ చిన్న ప్రకంపనల తీవ్రత సున్నా కంటే తక్కువగా కూడా నమోదవుతుంది. అలాంటి విలువకు వర్గమూలం తీయమన్నారంటే సంఖ్యే కాని విలువ వచ్చి, ఆ వృత్తం చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది. లీఫ్‌లెట్‌లో వృత్తాలు రెండు రకాలని కూడా తెలుసుకోండి: ఒకటి పిక్సెళ్లలో కొలిచేది, జూమ్ చేసినా అంతే ఉంటుంది, మరొకటి నేల మీద మీటర్లలో కొలిచేది, మెర్కేటర్ పుణ్యమా అని ధ్రువాల వైపు ఉబ్బిపోతుంది. మీకు కావలసింది మొదటిది. లోతును రంగుతో చూపాలనుకుంటే ఎరుపు, ఆకుపచ్చల జంటను వదిలి, ఒకే రంగును లేత నుంచి ముదురుకు తీసుకెళ్లండి. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివారు పాఠకుల్లో ఎప్పుడూ ఉంటారు.

ఇక అసలు కష్టం, అసలు చదువు రెండూ ఇక్కడి నుంచి మొదలవుతాయి. మొదటి వారం చేసిన జాబితాను మ్యాపు పక్కన పెట్టండి. జాబితాలో ఒక భూకంపాన్ని నొక్కితే మ్యాపు అక్కడికి కదలాలి. మ్యాపును కదిలిస్తే, తెర మీద ఉన్న భూకంపాలు మాత్రమే జాబితాలో మిగలాలి. పైన ఒక స్లైడర్ పెట్టి, తీవ్రత ఇంతకు తగ్గినవి కనిపించకూడదని చెబితే రెండూ మారాలి. మొదటి ప్రయత్నంలో అందరూ చేసినట్టే మీరూ స్లైడర్ కోడ్‌లో మ్యాపునూ జాబితానూ మారుస్తారు, మ్యాపు కోడ్‌లో జాబితాను మారుస్తారు, జాబితా కోడ్‌లో మ్యాపును మారుస్తారు. రెండు రోజులు బాగానే ఉంటుంది. మూడో రోజు స్లైడర్ వెనక్కి జరిపితే పాత వృత్తాలు పోకుండా వాటి మీదే కొత్తవి పడుతుంటాయి, జాబితా ఒక మాట చెబుతుంది, మ్యాపు మరో మాట చెబుతుంది. ఆ చిక్కులో ఒకటి రెండు రోజులు ఉండండి, తొందరపడి బయటికి రాకండి. తర్వాత కోడ్‌ను ఇలా మార్చి రాయండి: కనీస తీవ్రత ఎంత, ఎంచుకున్న భూకంపం ఏది, మ్యాపు హద్దులేమిటి అనే విషయాలన్నీ ఒకే చోట ఉండాలి, బటన్లు, స్లైడర్, మ్యాపు కదలిక, ఇవన్నీ ఆ చోట రాసి ఊరుకోవాలి, దాన్ని చదివి, పాత వృత్తాలన్నీ తుడిచి, మ్యాపు పొరనూ జాబితానూ మొదటి నుంచి గీసే ఫంక్షన్ ఒక్కటే ఉండాలి. కొన్ని వందల వృత్తాలను ప్రతిసారీ తుడిచి గీసినా బ్రౌజర్‌కు లెక్క కాదు. నెల రోజుల జాబితా తెచ్చుకుని వృత్తాలు వేలల్లోకి వెళ్తే మాత్రం వేగం మందగిస్తుంది. అప్పుడు వాటిని విడివిడి మూలకాలుగా కాక కాన్వాస్ అనే ఒకే బొమ్మ మీద గీయమని లీఫ్‌లెట్‌కు ఒక్క అమరికతో చెప్పవచ్చు.

తెర మీద ఉన్నవే జాబితాలో చూపే పని పూర్తయిందని మీరు ఊపిరి పీల్చుకునే సమయానికి పసిఫిక్ మహాసముద్రం అడ్డొస్తుంది. 180 డిగ్రీల రేఖాంశం ఆ సముద్రం మధ్య నుంచి పోతుంది. ఫిజీ చుట్టుపక్కల వచ్చే భూకంపాల్లో కొన్ని ప్లస్ 179 దగ్గర, కొన్ని మైనస్ 179 దగ్గర నమోదవుతాయి. పక్కపక్కనే వచ్చిన రెండు భూకంపాలు మ్యాపు రెండు చివర్లలో కనిపిస్తాయి. మ్యాపును ఆ గీత దాటి లాగితే లీఫ్‌లెట్ హద్దులు 180 దాటి 190, 200 అని చెబుతాయి కాబట్టి, మీ జాబితా ఉన్నట్టుండి ఖాళీ అవుతుంది. పోల్చే ముందు రేఖాంశాలను ఒకే పరిధిలోకి తెచ్చుకోవాలి. ఇది కోడ్ లోపం అనడం కంటే గుండ్రటి భూమిని చదునుగా పరచినందుకు పడే అతుకు అనడం సబబు.

నొక్కినప్పుడు వివరాలు చూపే పాపప్ గురించి ఒక హెచ్చరిక చేయాలి. పాపప్‌కు మీరిచ్చే రాతను లీఫ్‌లెట్ హెచ్‌టీఎంఎల్‌గానే తీసుకుంటుంది. వేరే సర్వర్ నుంచి గానీ సందర్శకుల నుంచి గానీ వచ్చిన మాటలను యథాతథంగా అందులో అతికిస్తే, ఆ మాటల మధ్య ఎవరైనా కోడ్ దాచి పంపినప్పుడు అది మీ పేజీలో నడుస్తుంది. మూలకాన్ని మీరే సృష్టించి, రాతను కేవలం రాతగా అందులో ఉంచి, ఆ మూలకాన్ని పాపప్‌కు ఇవ్వండి. భూకంపాల ఫైలు నమ్మదగినదే అయినా, అలవాటు మొదటి మ్యాపు నుంచే పడాలి.

మీరడిగిన సర్వర్, డేటాబేస్ ఈ మ్యాపుకు అక్కర్లేదు. మూడు నాలుగు ఫైళ్లే కాబట్టి, గిట్‌హబ్ పేజెస్ వంటి ఉచిత వసతిలో పెట్టేయవచ్చు. ఆ వంకతో కోడ్‌లోని మార్పులను నమోదు చేసే గిట్ కూడా అలవాటవుతుంది. సందర్శకులు తమ సొంత బిందువులను చేర్చి అవి అందరికీ కనిపించాలన్నప్పుడు, లేదా రహస్యంగా ఉంచాల్సిన కీ ఉన్నప్పుడు సర్వర్ అవసరం మొదలవుతుంది. బ్రౌజర్‌కు పంపిన కోడ్‌లో ఏదీ రహస్యం కాదు; ఏ ఫైలులో ఏ పేరుతో దాచినా చూసేవారికి దొరుకుతుంది. ఎప్పుడైనా కీ వాడాల్సి వస్తే, అది మీ సైటు చిరునామా నుంచి మాత్రమే పని చేసేలా ఇచ్చినవారి దగ్గర కట్టడి పెట్టుకోండి. "నేనున్న చోటు చూపు" అనే బటన్ పెడితే అది హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యే సురక్షిత చిరునామాలోనూ లోకల్ సర్వర్‌లోనూ మాత్రమే పని చేస్తుందని గుర్తుంచుకోండి. పేజీని బయటపెట్టే ముందు ఒకసారి ఫోనులో తెరిచి, వేలితో కిందికి జరపడానికి ప్రయత్నించండి. తెర వెడల్పంతా మ్యాపే ఉంటే, పేజీ కదలకుండా మ్యాపు కదులుతూ చూసేవారిని అక్కడే బంధించేస్తుంది. పక్కన వేలు పెట్టేందుకు కాస్త చోటు వదలండి.

చిక్కుపడినప్పుడు కోడ్ రాసిపెట్టే కృత్రిమ మేధ సాధనాలను అడగాలని మీకు అనిపిస్తుంది. అడగండి, తప్పేమీ లేదు. అది ఇచ్చిన ప్రతి వరుసా ఎందుకుందో మీ మాటల్లో వ్యాఖ్యగా రాసుకోగలిగితేనే ఫైలులో ఉంచండి. రాయలేకపోయిన వరుసను తీసేసి పేజీని నడిపి చూడండి. ఏది విరిగిందో చూస్తే అది ఎందుకుందో తెలుస్తుంది.

రియాక్ట్ సంగతి చివరికి మిగిల్చాను. స్లైడర్, మ్యాపు, జాబితా మూడూ ఒకదానితో ఒకటి తగువులాడిన రోజున, అన్నిటినీ ఒకే చోట ఉంచి అక్కడి నుంచి గీయాలన్న ఆలోచనకు మీరు వస్తారు కదా, రియాక్ట్ పుట్టింది ఆ అవసరం కోసమే. ఆ తగువు చూడకుండా రియాక్ట్ నేర్చుకుంటే, లేని జబ్బుకు మందు మింగినట్టు ఉంటుంది. కాబట్టి మొదటి మ్యాపు బయటపెట్టి, ఇద్దరు ముగ్గురికి చూపించి, వారు పట్టుకున్న తప్పులు సరిచేశాక మొదలుపెట్టండి. రోజుకు గంట చొప్పున కూర్చుంటే అక్కడికి చేరడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చని నా అంచనా. కొత్త ప్రాజెక్టు వెతుక్కోకుండా ఇదే భూకంపాల మ్యాపును రియాక్ట్‌లో తిరిగి రాయండి, ఎందుకంటే ఏం కావాలో అప్పటికే తెలుసు కాబట్టి తెలియనిది పనిముట్టు ఒక్కటే అవుతుంది. అప్పుడు "మ్యాపు పెట్టె ఇప్పటికే సిద్ధమైంది" అన్న అర్థంలో లీఫ్‌లెట్ నుంచి ఒక ఎర్ర సందేశం వస్తుంది. పేజీలోని మూలకాలు తనవని రియాక్ట్ అనుకుంటుంది, తనవని లీఫ్‌లెట్ అనుకుంటుంది. పైగా తయారీ దశలో తప్పులు బయటపడాలని రియాక్ట్‌లోని స్ట్రిక్ట్ మోడ్ అనే అమరిక కొన్ని పనులను కావాలనే రెండుసార్లు చేస్తుంది, దాంతో ఒకే పెట్టెలో రెండో మ్యాపు పుట్టబోయి లీఫ్‌లెట్ అడ్డుకుంటుంది. చాలామంది స్ట్రిక్ట్ మోడ్‌ను తీసేసి సమస్య పోయిందనుకుంటారు. మీరు అలా చేయకుండా, మ్యాపును సృష్టించిన ఎఫెక్ట్‌లోనే (పేజీ గీసిన తర్వాత రియాక్ట్ నడిపే కోడ్ ముక్క) దాన్ని తొలగించే వరుసను కూడా రాయండి.